మారా జీపు ఎక్కే ముందు వంటింటి పీట

సింహాచలం గిరి ప్రదక్షిణకు బయల్దేరే రోజుకి నా ఫోనులో కెన్యా సఫారీ కోసం కొన్న నైరోబి టికెట్లు ఉన్నాయి. సెప్టెంబరు రెండో వారానికి. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెట్టాం. మొత్తం 32 కిలోమీటర్లలో అప్పూఘర్ దాకా హాయిగానే నడిచాను. సముద్రంలో స్నానం చేసి పైకి వస్తుంటే తడి మెట్టు మీద కాలు జారింది. లేవబోతే పాదం నాది కానట్టు పక్కకి తిరిగి ఉంది.

చీలమండకి రెండు వైపులా ఎముక విరిగింది. ప్లేటు వేశారు, ఏడు స్క్రూలు బిగించారు. ఆరు వారాలు ఆ పాదం నేల మీద మోపకూడదన్నారు. మంచం మీద నేను డాక్టరుగారిని అడిగిన మొదటి ప్రశ్న "సెప్టెంబరులో జీపు ఎక్కొచ్చా అండీ?" ఆయన మా ఆయన వైపు చూశారు. మా ఆయన ఫ్యాను వైపు చూశారు.

ఈ పిచ్చి ఈనాటిది కాదు. నాన్న పోర్టులో పనిచేసేవారు. ఓడల వాళ్లు వదిలేసిన పాత ఇంగ్లిషు పత్రికలు అప్పుడప్పుడు ఇంటికి తెచ్చేవారు. ఒకదాంట్లో రెండు పేజీల బొమ్మ, గోధుమ రంగు నదిలోకి గుంపులు గుంపులుగా దూకుతున్న ఆవుల్లాంటి కొమ్ముల జంతువులు, వైల్డ్‌బీస్ట్‌లు. అది కెన్యాలోని మారా నది అని చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. ఆ పేజీ నా పెట్టెలో అడుగున ఇంకా ఉంది. ఇప్పుడు నాకు 58.

టికెట్లు రద్దు చేస్తే సగం డబ్బు కూడా రాలేదు. ఏడుపు ఒక రోజు. మర్నాటి నుంచి, కాలు దిండు మీద ఎత్తి పెట్టుకుని, మళ్లీ మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టాను. ఈసారి లెక్క వేరు. ఏ జంతువు ఎక్కడ కనిపిస్తుందన్నది తర్వాత. గది నుంచి భోజనాల హాలుకి ఎన్ని మెట్లు, ఎంత దూరం, రోజుకి ఎన్ని గంటలు కుదుపు, అన్నది ముందు.

ముందు కొట్టేసింది ఉగాండా గొరిల్లాలని. బ్విండీ అడవిలో ఒక్క పర్మిట్టే 800 డాలర్లు. గొరిల్లాల దగ్గర ఉండనిచ్చేది ఒక గంట. ఆ గంట కోసం నిటారు కొండల్లో, బురదలో గంటల తరబడి నడవాలి. నడవలేని వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లే ఏర్పాటు ఉందని చదివి ఆశపడ్డాను. "నలుగురు మోసే ప్రయాణానికి నీకింకా తొందరేం లేదు" అన్నారు మా ఆయన.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కు మీద మాత్రం చాలా రోజులు ఊగాను. విడిపోక ముందు మన విశాఖ జిల్లా 11,161 చదరపు కిలోమీటర్లు. క్రూగర్ ఒక్కటే దాదాపు 19,500. అంత అడవిలోనూ ముఖ్యమైన రోడ్లన్నీ తారు రోడ్లు. మనలాగే ఎడమ వైపు నడుపుతారు, సొంతంగా కారు అద్దెకి తీసుకుని తిరగొచ్చు. మామూలు కారు కాబట్టి ఎక్కడం దిగడం సుఖం. స్కుకుజా లాంటి క్యాంపుల్లో నడవలేని వాళ్ల కోసం కట్టిన గదులు కూడా ఉన్నాయి. నా కాలిని అడిగితే క్రూగరే అంటుంది. విరిగిన ఎముకతో వెళ్లాలనుకునే వాళ్లెవరైనా నన్ను అడిగితే నేనూ అదే చెప్తాను. కానీ నా పెట్టెలో ఉన్న బొమ్మ క్రూగర్‌ది కాదు.

టాంజానియా వైపు చూస్తే ఫిబ్రవరిలో సెరెంగెటీ దక్షిణ భాగంలో, ఎన్డూటు దగ్గర వైల్డ్‌బీస్ట్‌లు ఈనే కాలం. గడ్డి నిండా దూడలు, వాటి వెనక చీతాలు, హైనాలు. చూడాలనే ఉంది. కానీ అక్కడ ఒక్కో రోజు ఆరేడు గంటలు జీపులోనే. దారిలో తగిలే గోరొంగోరో బిలం 600 మీటర్ల లోతు, అందులోకీ జీపులోనే దిగాలి. అక్కడి గైడ్లు ఈ కుదుపుని నవ్వుతూ 'ఆఫ్రికన్ మసాజ్' అంటారట. ఏడు స్క్రూల కాలికి ఆ మసాజ్ వద్దనుకున్నాను.

మిగిలింది కెన్యా. అక్కడే అసలు బాధ. ఆ బొమ్మలోలా మంద మారా నది దాటే దృశ్యం కావాలంటే జులై నుంచి అక్టోబరు మధ్య వెళ్లాలి. ఈ ఏడాది ఆ కాలం వాకరుతోనే గడిచిపోయింది. వచ్చే ఏడాది సెప్టెంబరు దాకా ఆగుదామని మా ఆయన. ఆయనకి 63, మోకాళ్లు ఇప్పటికే కిర్రుమంటున్నాయి. ఏడాది తర్వాత ఎవరి కాలు ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? పైగా ఆ నది పారే మసాయి మారా అభయారణ్యం ప్రవేశ రుసుము విదేశీయులకి జనవరి నుంచి జూన్ దాకా రోజుకి 100 డాలర్లు, జులై నుంచి 200. ఇద్దరికి మూడు రోజులంటే తేడా 600 డాలర్లు. ఫిబ్రవరిలో వెళ్తే ఆ మంద ఉండదు గానీ సింహాలు, ఏనుగులు, జిరాఫీలు మారాలో ఏడాదంతా ఉంటాయి. నది కూడా అక్కడే ఉంటుంది. ఖాళీ నదినైనా చూస్తాను అన్నాను. ఫిబ్రవరి ఖాయం.

ఇక ఏజెంట్లు. ఊళ్లోనే ఒకాయన "అన్నీ మేం చూసుకుంటాం మేడమ్, మీరు టెన్షన్ పడకండి" అన్నారు. లాడ్జిలో మెట్లెన్ని అని అడిగితే సింహం ఫొటో పంపారు. జీపు మొదటి మెట్టు ఎత్తెంత అంటే ఇంకో సింహం. మూడోసారి అడగలేదు. నైరోబిలో ఒక చిన్న ఆపరేటరుకి అవే ప్రశ్నలు రాస్తే రెండు రోజులకి జవాబు వచ్చింది. ల్యాండ్ క్రూజర్ తలుపు దగ్గర టేపు పట్టుకుని నిలబడ్డ డ్రైవరు ఫొటో. మొదటి మెట్టు నేల నుంచి 45 సెంటీమీటర్లు. "మా దగ్గర చెక్క స్టూలు ఉంది, కావాలంటే వేస్తాం" అని కింద ఒక వాక్యం. ఆయన ధర కాస్త ఎక్కువే, అయినా ఆయనకే అడ్వాన్సు పంపాను.

బసల విషయంలో ఫొటోలు చూసి మోసపోకూడదని తెలిసింది. మారా నది అవతల లిటిల్ గవర్నర్స్ అనే క్యాంపు ఎంత అందంగా ఉంటుందో! అక్కడికి తాడు లాగుతూ నడిపే పడవలో నది దాటి, ఒడ్డు మెట్లు ఎక్కాలి. మారా సెరెనా లాడ్జి గుట్ట మీద ఉంటుంది, కనుచూపు మేర మైదానం కనిపిస్తుంది, గుట్ట అన్నాక ఎక్కుడు దిగుడూ తప్పదు. చివరికి కీకోరోక్ తీసుకున్నాం. పాత లాడ్జి, సోకులు తక్కువ, నేల చదును. నీటి ఏనుగుల మడుగు దాకా చెక్క వంతెన ఉంది. కర్ర పట్టుకుని నేనే వెళ్లి రావొచ్చు. విమానం దిగే చోటు కూడా దగ్గరే.

మారాకి ముందు మూడు రాత్రులు అంబోసెలి. 392 చదరపు కిలోమీటర్ల చిన్న పార్కు, దాదాపు బల్లపరుపు నేల, మధ్యలో కిలిమంజారో కొండ నుంచి వచ్చే నీళ్లు ఊరే చిత్తడి. ఏనుగులు వాటంతట అవే అక్కడికి వస్తాయి, మనం వాటి వెంట పరుగెత్తక్కర్లేదు. అక్కడి ఏనుగు కుటుంబాలని 1972 నుంచి పేరుపేరునా గమనిస్తున్నారు. కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. అది టాంజానియాలో ఉన్నా చూడటానికి కెన్యా వైపే బాగుంటుందంటారు, అదీ పొద్దున్నే, మబ్బులు కమ్మకముందు.

వదులుకున్న వాటిలో నిజంగా మనసు కలుక్కుమన్నది బెలూన్. తెల్లవారుజామున మారా మీద గాల్లో గంటసేపు. బుట్టలోకి గోడ ఎక్కినట్టు ఎక్కాలి, దిగేటప్పుడు బుట్ట ఒక్కోసారి పక్కకి ఒరిగిపోతుంది. డాక్టరుగారు మాట పూర్తి కాకముందే వద్దన్నారు.

ఇంత డబ్బు పోసి వెళ్లి అక్కడ కూలబడితే? అందుకే మధ్యలో రిహార్సల్స్ పెట్టుకున్నాం. మొదటిది ఇక్కడి జూ. ఇందిరాగాంధీ జూ పార్కు 625 ఎకరాలు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కాళ్లు లాగుతాయి. బ్యాటరీ బండి ఎక్కి, మధ్యమధ్యలో దిగి నడిచాను. జిరాఫీ దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డాను. సాయంత్రానికి చీలమండ బొంతలా వాచింది.

రెండోది అరకు. కిరండూల్ రైలుకి తగిలించిన అద్దాల బోగీలో కూర్చుంటే సొరంగాలూ, లోయలూ కూర్చున్న చోటికే వస్తాయి. ఈ ప్రయాణం ఎవరికైనా చెప్తాను. బొర్రా గుహలు మాత్రం దాటేశాం, ఆ తడి మెట్లు చూస్తే అప్పూఘర్ గుర్తొచ్చింది. బస చేసిన ప్రైవేటు రిసార్టు వాళ్లు కింది అంతస్తు గది అని చెప్పి నిజంగా కింది అంతస్తే ఇచ్చారు. కానీ బాత్రూం గుమ్మం జానెడు ఎత్తు, లోపల నున్నటి టైల్స్. రాత్రి రెండుసార్లు మా ఆయన్ని లేపాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక కెన్యా ఆపరేటరుకి ఇంకో మెయిల్ పెట్టాను. బాత్రూం గుమ్మం, షవర్ దగ్గర పట్టుకునే కమ్మీ, రబ్బరు మ్యాట్. పాపం, ఆయనా విసుక్కోకుండా ఫొటోలు పంపాడు.

మూడోది టెక్కలి దగ్గర తేలినీలాపురం. హైవే మీద మూడు గంటల పైచిలుకు కారులో. ఊళ్లో చెట్ల మీదే గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు కట్టుకుంటాయి. ఊరివాళ్లు సైబీరియా పక్షులంటారు గానీ ఇవి మన దేశంలోనే పిల్లల్ని చేసే పక్షులు. అక్కడొక పెద్దావిడ నా కర్ర చూసి "ఏటమ్మా, కాలు ఇరిగినా పిట్టల్ని చూడ్డానికొచ్చినావా?" అంది. ఆఫ్రికా సంగతి చెప్పే ధైర్యం చాల్లేదు. ఆరోజు మాత్రం వాపు తక్కువ. గంటకోసారి కారాపి దిగి పది అడుగులు వేయడం పనిచేసింది. సఫారీలో దిగనివ్వరు కదా! అందుకే అక్కడ పూట పూటకీ మూడు గంటల కంటే ఎక్కువ తిరగొద్దని రాయించుకున్నాను.

ఎల్లో ఫీవర్ టీకా వైజాగ్ పోర్ట్ హెల్త్ ఆఫీసులోనే వేస్తారు. ముందు ఫోన్ చేసి రోజు కనుక్కుని వెళ్లాలి. నాన్న పనిచేసిన పోర్టు కాబట్టి ఆ దారిలో కాసేపు నోరు పెగల్లేదు. వేయించుకున్న పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, ఇక జీవితాంతం చాలు. అది లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల దాకా విడిగా ఉంచేస్తారు. 60 దాటిన వాళ్లు మొదటిసారి వేయించుకునే ముందు డాక్టరుతో మాట్లాడాలి, మా ఆయనకి అన్నీ చూసి సరే అన్నారు. కెన్యాకి 2024 నుంచి వీసా లేదు, ఆన్‌లైన్లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకుంటే చాలు. ప్రయాణ బీమాలో కాలి ఆపరేషన్ సంగతి దాచకుండా రాశాను. దాచితే రేపు ఆ కాలికే క్లెయిమ్ రాదు. పైన ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ వాళ్ల ఎయిర్ అంబులెన్స్ కవర్ కూడా తీసుకున్నాం.

సామాను సంగతి మా అమ్మాయికి నవ్వులాట అయిపోయింది. నైరోబి విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి వెళ్లే చిన్న విమానాల్లో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు కెన్యాలో 2017 నుంచి నిషేధం, కాబట్టి ఆవకాయ స్టీలు డబ్బాలో. చపాతీని అక్కడా చపాతీ అనే అంటారు, తిండికి భయం లేదు. ముంబై నుంచి నైరోబికి ఆరు గంటలు. నడవా పక్క సీటు, డాక్టరు చెప్పిన బిగుతు సాక్సులు, రెండు ఎయిర్‌పోర్టుల్లోనూ వీల్‌చెయిర్ ముందే చెప్పి ఉంచాం. మొదట వీల్‌చెయిర్ అంటే నామోషీ అనిపించింది. ముంబైలో ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి మారాలని తెలిశాక నామోషీ పోయింది.

ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ గోలీలు నేల మీద పోసి కాలివేళ్లతో ఏరమంటుంది. చిన్నప్పుడు కూడా నేను అన్ని గోలీలాడలేదు. తర్వాత ఒంటికాలి మీద నిలబడటం, తర్వాత వంటింట్లో ఎత్తు పీట ఎక్కి దిగడం. ఆ పీట 22 సెంటీమీటర్లు. జీపు మెట్టు 45 అని చెప్తే ఆ అమ్మాయి కాస్త ఆలోచించి, "స్టూలు వేస్తామన్నారు కదా ఆంటీ, అయినా స్టూలు లేకుండా ఎక్కేలా చేద్దాం" అంది. మా ఆయన పెరట్లోంచి ఇటుకలు తెచ్చి పీట కాళ్ల కింద పెట్టారు, కదలకుండా గోడకి ఆనించి. వరుసకి ఏడున్నర సెంటీమీటర్లు. మూడు వరుసలు పెడితే జీపు ఎత్తు వచ్చేస్తుంది.

ఈ వారం రెండో వరుస మీద ఉన్నాను. ఎక్కుతున్నాను గానీ, దిగేటప్పుడు ఇంకా ఆయన భుజం కావాలి.