వరంగల్ స్టేషన్ తోరణం, కోటలోని తోరణం

మంచిర్యాలలో రైలెక్కి, గోదావరి వంతెన దాటి, పెద్దపల్లి, జమ్మికుంటల మీదుగా వరంగల్ చూడవచ్చేవారు టికెట్ కొనేటప్పుడే ఒక సంగతి గమనించాలి: సికింద్రాబాదు వైపు మళ్ళే బండ్లు కాజీపేటలోనూ, విజయవాడ వైపు సాగేవి వరంగల్‌లోనూ దించుతాయి. రెండు స్టేషన్ల మధ్య దూరం సుమారు 10 కిలోమీటర్లే అయినా, సామానుతో ఆటోలు మారడం చిన్న పని కాదు. పోయినసారి మా ఆవిడా నేనూ ఆ అవస్థ పడ్డాము కనుక ఈసారి విజయవాడ బండే ఎక్కాము.

నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వరంగల్‌కు పట్టాలు తెచ్చినది 1886లో. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి 1874లో సికింద్రాబాదు చేరిన మార్గాన్ని తూర్పుకు పొడిగించి, వరంగల్ మీదుగా 1889లో బెజవాడకు కలిపారు. ఇల్లందు ప్రాంతపు సింగరేణి బొగ్గుకు బయటి దారి దొరికినది ఈ పొడిగింపుతోనే. మేము వచ్చిన బల్లార్షా మార్గం చాలా తరువాతది, 1929లో పూర్తయింది. ఢిల్లీ, మద్రాసుల నడుమ దగ్గరి దారి ఏర్పడినది అప్పుడే.

2025 మే 22న ప్రారంభమైన వరంగల్ స్టేషన్ కొత్త ముఖద్వారాన్ని కాకతీయ శైలిలో తీర్చారు. సాయంత్రం దీపాల వెలుగులో అది నిండుగానే ఉంది. అయితే మరునాటి ఉదయం కోటకు వెళ్ళి, స్వయంభూ శివాలయ శిథిలాలకు నాలుగు దిక్కులా నిలిచిన తోరణాల్లో ఒకదాని కింద నిలబడి తలెత్తితే, అడ్డదూలం కింద వేలాడే తామర మొగ్గలూ, పై కొసల మీది హంసలూ కనిపించాయి. ఆ బరువంతా రాయే రాతి మీద మోస్తున్నది. స్టేషన్‌లో బరువు మోసేది సిమెంటు, కాకతీయ శిల్పం పైపూత మాత్రమే. తెలంగాణ రాజముద్రలో రోజూ చూసే తోరణమే గదా అనుకొని కోటను వదిలేయడం మాత్రం పొరపాటు.

బస విషయంలో నా సలహా హనుమకొండ. స్టేషన్ ఎదుటి సందులో మొదటి రాత్రి దిగిన లాడ్జిలో వేడినీళ్ళు ఇరవైనాలుగు గంటలూ వస్తాయన్నారు. తెల్లవారి ఒక బకెట్ పంపి, రెండోదానికి డబ్బులు అడిగారు. హారన్ల మోతకు నిద్ర కూడా పట్టలేదు. రెండో రాత్రి హనుమకొండ చౌరస్తా దగ్గర అద్దె కొంత ఎక్కువైనా గది శుభ్రంగా ఉంది, 1163 నాటి వేయిస్తంభాల గుడికి నడిచే వెళ్ళాము. అక్కడి నుంచి తిరుగు ప్రయాణానికి కాజీపేట వెళ్ళాము. సికింద్రాబాదు నుంచి కాగజ్‌నగర్ పోయే బండి అక్కడే ఎక్కి, చీకటి పడేలోగా ఇల్లు చేరాము.