పది అడుగుల హాల్లో 43 అంగుళాల 4కే టీవీ: ఏది చూడాలి, ఏది వదిలెయ్యాలి

హైదరాబాదులోనో విజయవాడలోనో చిన్న ఫ్లాటులో హాలంటే పది బై పది, మహా అయితే పది బై పన్నెండు. ఒక గోడకి సోఫానో దివాన్ కాటో వేసి, ఎదురుగా టీవీ పెడితే కూర్చున్నవాళ్ల కళ్లకీ తెరకీ మధ్య ఏడడుగులు మిగులుతుంది. సినిమాహాలు లెక్క ప్రకారం, అంటే తెర మన చూపులో 30 డిగ్రీలు ఆక్రమించాలనుకుంటే, టీవీ సైజుని 1.6తో హెచ్చవేసినంత దూరంలో కూర్చోవాలి. ఏడడుగులంటే 84 అంగుళాలు కాబట్టి 50, 52 అంగుళాల టీవీ రావాలి. షాపువాడు చెప్పేదీ ఇదే, పైగా ఇంకో ఐదు కలిపి 55 చూపిస్తాడు.

మా సిఫారసు మాత్రం 43. ఎందుకంటే ఆ లెక్క చక్కటి హెచ్‌డీ బొమ్మకి వేసింది. మన ఇళ్లలో సాయంత్రం నడిచేది చాలావరకు కేబుల్ సీరియళ్లు, న్యూస్. ఎస్‌డీ, అంటే హెచ్‌డీ కాని మామూలు ఛానల్‌లో ఉండేది 576 గీతలే. దాన్ని 4కే తెర మీద 2160 గీతలకి సాగదీస్తే 43లో ఫర్వాలేదనిపించేది 55లో ముద్దముద్దగా కనిపిస్తుంది. పైగా పిల్లలు చాప మీద ఐదడుగుల దూరంలోనే కూర్చుంటారు. ఇంట్లో కేబులే లేదు, అంతా ఓటీటీ, లేదంటే హెచ్‌డీ ప్యాకే అంటే 50కి వెళ్లొచ్చు. హాలు ఎనిమిది బై పది అయితే, లేదా టీవీ బెడ్‌రూమ్‌లోకైతే 32 చాలు.

ఇంకో చిన్న నిజం. 43 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీకీ (1080 గీతలు) 4కేకీ తేడా ఐదున్నర అడుగులు దాటితే మామూలు కంటికి దాదాపు తెలియదు. మరి 4కే ఎందుకు తీసుకోమంటున్నామంటే, ఈ సైజులో ఫుల్ హెచ్‌డీ మోడళ్లకి కంపెనీలు వేసే ప్రాసెసరూ ర్యామూ నాసిగా ఉంటున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు పన్ను కోసమే 32 దగ్గర ఆగిపోయినవాళ్లకి ఇప్పుడా కారణం లేదు.

చిన్న హాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది, పెట్టె మీద ఎక్కడా రాయనిది ప్యానెల్ రకం. ప్యానెలంటే బొమ్మ వచ్చే తెర పలక, అందులో ప్రధానంగా వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలు. పెద్ద హాల్లో అందరూ ఎదురుగా కూర్చుంటారు. చిన్న హాల్లో ఒకరు సోఫాలో, ఒకరు పక్కగోడ దగ్గర కుర్చీలో, ఒకరు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తారు. వీఏ ప్యానెల్‌లో నలుపు చిక్కగా వస్తుంది, కాంట్రాస్టు, అంటే తెలుపు నలుపుల వెలుగుల నిష్పత్తి, 3000:1 నుంచి 5000:1 దాకా ఉంటుంది. కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోయి ముఖాలు పాలిపోతాయి. ఐపీఎస్ రకంలో కాంట్రాస్టు 1000:1 దగ్గరే ఆగిపోతుంది, రాత్రి లైటు తీసేస్తే నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది, కానీ పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు. పక్కల కూర్చునేవాళ్లు ఎక్కువ ఉండి, ట్యూబులైటు వెలుగులోనే చూసే ఇంటికి ఐపీఎస్ మేలు. ఇద్దరే ఉండి, ఎదురుగా కూర్చుని, రాత్రిళ్లు లైటు తీసేసి సినిమాలు చూస్తామంటే వీఏ తీసుకోండి.

ఏ రకమో షాపులో కనిపెట్టడం తేలికే. తెర మీద మనిషి ముఖం వచ్చినప్పుడు బొమ్మ ఆపించి, నెమ్మదిగా పక్కకి జరుగుతూ 45 డిగ్రీల కోణానికి రండి. ముఖం తెల్లబోతే వీఏ. ఒకే మోడల్ నంబరు మీద వేర్వేరు లాట్లలో వేర్వేరు ప్యానెళ్లు రావడం ఈ ధరల్లో మామూలే, కాబట్టి ఆన్‌లైన్ రివ్యూలో ఎవరో ఐపీఎస్ అన్నారని మీకూ అదే వస్తుందనుకోవద్దు.

షాపులో తిరిగే డెమో వీడియో చూసి మాత్రం ఏదీ తేల్చుకోకండి. పూలు, చేపలు, బంగారు నగలు ఏ టీవీలోనైనా మెరుస్తాయి, అందులోనూ స్టోర్ మోడ్‌లో బ్రైట్‌నెస్ నూటికి నూరు పెట్టి ఉంచుతారు. రిమోట్ అడిగి పిక్చర్ మోడ్‌ని స్టాండర్డుకో మూవీకో మార్చండి. ఏదైనా తెలుగు న్యూస్ ఛానల్ పెట్టించి కింద పరుగెత్తే స్క్రోలింగ్ అక్షరాల్ని చూడండి. ఒత్తులు, వట్రుసుడులు చదవగలిగితే మోషన్ బాగున్నట్టు. తోకలు తోకలుగా సాగితే ఆ టీవీలో క్రికెట్ బంతి కూడా అలాగే సాగుతుంది. తర్వాత యూట్యూబ్‌లో ఒట్టి బూడిద రంగు తెరని ఫుల్ స్క్రీన్‌లో పెట్టించండి. మరకల్లా, నిలువు చారల్లా కనబడితే బ్యాక్‌లైట్, అంటే తెర వెనక వెలిగే లైటు, సమంగా లేదన్నమాట. పచ్చటి గ్రౌండ్ మీద కెమెరా అటూ ఇటూ తిరిగేటప్పుడు ఆ చారలు ప్రతిసారీ కళ్లకి తగులుతాయి.

క్యూఎల్‌ఈడీ అనే పేరుకి ఈ ధరలో పెద్ద విలువ ఇవ్వక్కర్లేదు. ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ ముందు క్వాంటమ్ డాట్ పొర ఉంటుంది, రంగులు కొంచెం చిక్కబడతాయి, నలుపు మాత్రం మారదు. హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాని ఎక్కువగా చూపే పద్ధతి), అందులో ఒక రకమైన డాల్బీ విజన్ ముద్రలూ అంతే. 250, 300 నిట్లకి (నిట్ అంటే తెర వెలుగు కొలత) మించి వెలగలేని తెర మీద హెచ్‌డీఆర్ సినిమా ఒక్కోసారి మామూలు కంటే చీకటిగా కూడా ఉంటుంది. శాంసంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు, దాని బదులు అలాంటిదే హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. ఈ సైజులో దాని గురించి బెంగ పడాల్సిన పని లేదు. అసలైన నలుపు కావాలంటే బ్యాక్‌లైట్ లేకుండా ప్రతి చుక్కా తనే వెలిగే ఓఎల్‌ఈడీయే, 42 అంగుళాల్లో దొరుకుతుంది గానీ ఆ ధరకి మామూలు 43 రెండో మూడో వస్తాయి.

లోపలి సామాను విషయంలో గట్టిగా ఉండండి. ర్యామ్ 2 జీబీ, స్టోరేజీ 16 జీబీ ఉండాలి. 8 జీబీ అంటే సిస్టమే సగం పైన మింగేస్తుంది, ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జియో హాట్‌స్టార్ వేసేసరికి నిండిపోయి రిమోట్ నొక్కిన మూడు సెకన్లకి కదులుతుంది. వైఫై 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టాలి. అపార్టుమెంటులో పక్క ఫ్లాట్ల రూటర్లన్నీ 2.4 మీదే కొట్టుకుంటాయి, బఫరింగ్ అక్కడే వస్తుంది. హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు కావాలి: సెట్‌టాప్ బాక్సుకి ఒకటి, ఫైర్‌స్టిక్‌కో గేమింగ్‌కో ఒకటి, సౌండ్‌బార్‌కి ఏఆర్‌సీ అని రాసినది ఒకటి. ఆ పోర్టులు పక్కకి ఉన్నాయా, వెనక్కి తిరిగి ఉన్నాయా అన్నదీ చూడాలి. వెనక్కి ఉంటే గోడకి బిగించాక కేబుల్ దూర్చడానికి చెయ్యి పట్టదు.

ఇక స్థలం కొలతలు. 43 అంగుళాలంటే తెర మూలనుంచి మూలకి. బయటి వెడల్పు 96, 97 సెంటీమీటర్లు వస్తుంది, స్టాండు లేకుండా ఎత్తు 56 దాకా. పాత ఇళ్లలో డబ్బా టీవీ కోసం కట్టిన షోకేసు అర రెండున్నర అడుగులుంటే 32 మాత్రమే పడుతుంది, అదీ బిగుతుగా. మూడడుగుల అరలో 43 పట్టదు. వేడి పోవడానికి రెండు పక్కలా రెండేసి అంగుళాలు, పైన నాలుగంగుళాలు వదలాలి కాబట్టి కనీసం మూడున్నర అడుగుల అర కావాలి. బల్ల మీద పెట్టేవాళ్లు టీవీ వెడల్పు కాదు, కాళ్ల మధ్య దూరం కొలవాలి. ఇప్పటి చాలా టీవీలకి కాళ్లు రెండు చివర్లా ఉంటాయి, రెండున్నర అడుగుల బల్ల మీద ఒక కాలు గాల్లోకి వస్తుంది.

గోడకి బిగించడమే చిన్న హాలుకి మంచిది, నేల కలిసొస్తుంది. తప్పులు జరిగేదీ ఇక్కడే. మొదటిది ఎత్తు. ఫొటో తగిలించినట్టు తలుపు చట్రం పైకి ఎక్కించేస్తారు, నెల తిరక్కుండా మెడలు పట్టేస్తాయి. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను నేలనుంచి మూడున్నర అడుగుల దగ్గర ఉంటుంది. తెర మధ్యభాగం అక్కడికి రావాలంటే టీవీ కింది అంచు నేలకి రెండున్నర అడుగుల మీద ఉండాలి. కింద కూర్చునేవాళ్లే ఎక్కువైతే ఇంకో మూడు నాలుగు అంగుళాలు దించొచ్చు. కిటికీకి ఎదురుగోడ వద్దు, పగలంతా తెరలో కిటికీయే కనిపిస్తుంది.

రెండోది గోడ బెజ్జంలో స్క్రూ పట్టడానికి దూర్చే ప్లగ్గులు. స్టాండు తీసేసిన 43 అంగుళాల టీవీ ఏడు నుంచి తొమ్మిది కిలోలు ఉంటుంది. గోడ మీద ప్లాస్టరింగే అరంగుళం ఉంటుంది, దానికి బలం లేదు. పొట్టి ప్లగ్గు వేస్తే ఇటుకలోకి వెళ్లేది ముప్పావు అంగుళమే. కనీసం రెండంగుళాల ప్లగ్గు, 8 లేక 10 మిల్లీమీటర్లది వేయించండి. కొత్త అపార్టుమెంట్లలో తెల్లటి తేలికపాటి ఏఏసీ బ్లాకులుంటాయి. వాటికి ఎర్ర ఇటుకకి వేసే ప్లగ్గులు పట్టవు, వేరే యాంకర్లు ఉంటాయి, హ్యామర్ మోడ్ ఆపి డ్రిల్లు వెయ్యాలి. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా బెజ్జం వేయనివ్వకండి, లోపలి వైరు ఆ దారినే వెళ్తుంది. బయటికి లాగే చేతుల బ్రాకెట్టు అందంగానే ఉంటుంది గానీ, టీవీని అడుగున్నర ముందుకు లాగినప్పుడు బరువంతా పై స్క్రూల మీద పడుతుంది. నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడకి దాన్ని వద్దనే అంటాం. టీవీ వెనక నాలుగు బెజ్జాల మధ్య దూరం చాలావాటిలో 200 బై 200 మిల్లీమీటర్లు, కొన్నిట్లో వేరు. బ్రాకెట్ కొనేముందు మాన్యువల్ చూడండి. స్క్రూ అవసరానికి మించి పొడుగైతే లోపలి బోర్డుకి తగులుతుంది.

టీవీ వచ్చాక సీలు మీరు విప్పకండి, కంపెనీ టెక్నీషియన్ వచ్చి విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తియ్యండి. ప్యానెల్ పగులు వారంటీలోకి రాదు, మార్చాలంటే టీవీ ధరలో సగానికి పైగా అవుతుంది. పెట్టెను ఎప్పుడూ నిలువుగానే మోయించాలి, పడుకోబెట్టి ఆటోలో తెస్తే కుదుపులకి అద్దం మధ్యలో చిట్లుతుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు అట్టపెట్టె, థర్మోకోల్ అటకమీద దాచుకోవాలి.

ఆ తర్వాత సెట్‌టాప్ బాక్సు. కేబుల్ కుర్రాడు అలవాటుగా పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు గుచ్చి వెళ్లిపోతాడు. హెచ్‌డీ బాక్సైనా ఆ వైర్లలో ఎస్‌డీ బొమ్మే వస్తుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ వేయించి, బాక్సు సెట్టింగ్స్‌లో 16:9, 1080ఐ పెట్టండి. టీవీలో షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, సినిమాని సీరియల్‌లా మార్చేసే మోషన్ స్మూతింగ్‌ని ఆపెయ్యండి. ఇది శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ (కొత్తవాటిలో పిక్చర్ క్లారిటీ), ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అన్న పేర్లతో ఉంటుంది.

స్టెబిలైజర్ అక్కర్లేదు. చాలా టీవీల పవర్ సప్లై 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది. ప్రమాదం పిడుగుతో. ఉరుములప్పుడు ప్లగ్గు పీకినా సెట్‌టాప్ బాక్సు రాగి కేబుల్ గుండా వచ్చిన దెబ్బ హెచ్‌డీఎంఐ దారిలో మదర్‌బోర్డుని కాల్చేస్తుంది. బాక్సుకి వచ్చే కేబుల్ కూడా విప్పెయ్యాలి.

వారంటీ అయ్యాక ఎక్కువగా పోయేది బ్యాక్‌లైట్. వివిడ్ మోడ్‌లో ఏళ్లకి ఏళ్లు నూరు శాతం వెలుగుతో నడిపితే లోపలి ఎల్‌ఈడీ పట్టీలు వేడికి మాడతాయి, 60, 70 దగ్గర ఉంచితే చాలాకాలం వస్తాయి. ఒకవేళ శబ్దం వస్తూ తెర నల్లగా ఉంటే ప్యానెల్ పోయిందని మెకానిక్ అన్నా వెంటనే ఒప్పుకోకండి. గది చీకటి చేసి, ఫోన్ టార్చిని తెరకి దగ్గరగా ఏటవాలుగా పట్టి చూడండి. లోపల మసకగా బొమ్మ కదులుతూ కనబడితే ప్యానెల్ బాగానే ఉంది, పోయింది ఎల్‌ఈడీ పట్టీలైనా కావచ్చు, వాటిని నడిపే సర్క్యూటైనా కావచ్చు. ప్యానెల్ ధరతో పోలిస్తే ఆ రిపేరు చాలా తక్కువలో అయిపోతుంది.