సెక్షన్ స్థాయి ఆధునిక పోరుకి 28, 20, 15 మి.మీ.లలో ఏది మేలు?

మినియేచర్ వార్‌గేమ్ అంటే సైనికుల చిన్న బొమ్మలతో (ఫిగర్లతో) టేబుల్ మీద ఆడే యుద్ధం ఆట. అది మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందు ఫిగర్లు చూసి మనసు పడతారు. టేబుల్ కొలిచేది ఆ తర్వాతే. ఆధునిక కాలపు చిన్న దళాల పోరు ఆడాలంటే ఈ వరస తిరగెయ్యాలి. కత్తులు, బల్లేల యుద్ధంలో రెండు వైపులా జనం దగ్గర దగ్గరగా నిలబడతారు, ఏ స్కేల్ తీసుకున్నా టేబుల్ సరిపోతుంది. ఇక్కడ అలా కాదు. రైఫిల్ 300 మీటర్లు కొడుతుంది, మనిషికీ మనిషికీ మధ్య ఐదు మీటర్ల ఎడం ఉంటుంది. అందుకే బొమ్మ ఎత్తు ఎంత అన్నదానికంటే టేబుల్ మీద ఎన్ని మీటర్ల నేల పడుతుందన్నదే పెద్ద ప్రశ్న.

పోలిక గాల్లో తేలకుండా ఒకే సందర్భం పట్టుకుందాం. 2006 నుంచి 2014 దాకా అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్‌లో బ్రిటిష్ సేనలు చేసిన కాలినడక గస్తీ. నది పక్కన పచ్చని పట్టీ, అందులో సాగు కాలవలు, మొక్కజొన్న చేలు, గసగసాల చేలు, నిలువెత్తు మట్టిగోడల కాంపౌండ్లు. సెక్షన్ అంటే ఎనిమిది మంది, నలుగురేసి రెండు ఫైర్‌టీమ్‌లు. ఎదురుగా తాలిబాన్, వాళ్ల చేతుల్లో ఏకే రైఫిళ్లు, ఒక పీకేఎం మెషిన్ గన్, ఒక ఆర్పీజీ రాకెట్ లాంచర్.

పేర్ల సంగతి ముందే తేల్చుకుంటే మంచిది. 28 మి.మీ. ఫిగర్లు దాదాపు 1:56, అంటే అసలు కొలతలో 56వ వంతు. 20 మి.మీ. అని అమ్మేవి 1:72, 1:76 మధ్యలో ఉంటాయి. 15 మి.మీ.వి 1:100, అయితే ఈ మధ్య వచ్చేవి 18 మి.మీ. దాకా పెరిగాయి. మి.మీ. అంకె మామూలుగా పాదం నుంచి కంటి దాకా కొలత, తల పైదాకా కాదు. అందుకే 1.8 మీటర్ల మనిషి 1:72లో 25 మి.మీ. ఉన్నా అతణ్ని 20 మి.మీ. ఫిగర్లతో కలిపి ఆడేస్తారు.

నేల లెక్క

అందరూ వాడే ఆరడుగులు × నాలుగడుగుల టేబుల్ మీద 28లో 102 × 68 మీటర్ల నేల పడుతుంది. 20లో 132 × 88. 15లో 183 × 122. అంటే ఏ స్కేల్‌లోనూ టేబుల్ రైఫిల్ రేంజి దాటదు. 200 మీటర్ల అవతల పీకేఎం పెట్టాలంటే 15లో కూడా రెండు మీటర్ల పొడవు కావాలి. కాబట్టి మూడింటిలోనూ పాటించాల్సిన నియమం ఒకటుంది: రైఫిల్‌కి రేంజి హద్దు పెట్టొద్దు. 24 అంగుళాలు దాటితే తూటా చేరదు అనే రూల్ 28లో నిజానికి 34 మీటర్ల హద్దు. వీధి చివర నిలబడ్డ మనిషిని కొట్టలేని రైఫిల్ అన్నమాట. కనిపిస్తే కాల్చొచ్చు, తగలడం తగలకపోవడం కవర్ (దాక్కునే చాటు) మీదా శిక్షణ మీదా ఉండాలి. 2011లో ఓస్ప్రే ప్రచురణ సంస్థ వేసిన ఫోర్స్ ఆన్ ఫోర్స్ రూల్స్ ఈ దారే పట్టాయి. కొత్తవాళ్లకి ఆరు ముఖాల డైస్, ఆరితేరినవాళ్లకి పన్నెండు ముఖాలది, ఎవరికైనా 4 గానీ అంతకుమించి గానీ పడితేనే ఫలితం. దూరంగా ఉన్న మెషిన్ గన్‌ని టేబుల్ మీద పెట్టకుండా, ఫలానా అంచు నుంచి కాలుస్తోందని ముందే రాసుకోండి. కాల్పులు ఆ అంచుమీద గుర్తు పెట్టిన చోటునుంచే కొలవాలి.

రేంజి మూడింటిలోనూ సర్దుబాటే. తేడా తేలేది గస్తీ వరసలో. హెల్మండ్‌లో నేలలో పాతిన బాంబుల భయంతో ముందు మెటల్ డిటెక్టర్ మనిషి, వెనక అతని అడుగుల్లోనే మిగతావాళ్లు, ఒంటి వరసలో నడిచేవారు. ఎనిమిది మంది, ఐదు మీటర్ల ఎడం, వెరసి 35 మీటర్లు. అది 28లో 625 మి.మీ. అవుతుంది, అంటే రెండడుగుల పైనే. నాలుగడుగుల వెడల్పున్న టేబుల్‌లోకి డిటెక్టర్ మనిషి సగం దూరం వచ్చేసినా చివరివాడు ఇంకా టేబుల్ అంచు బయటే. 20లో అదే వరస 486 మి.మీ., 15లో 350. 28లో ఆడేవాళ్లు ఇక్కడే తెలియకుండా రాజీ పడతారు. మనుషుల్ని రెండంగుళాల దూరంలోకి గుంపు కడతారు, తర్వాత ఒక్క గ్రెనేడ్‌కి నలుగురు పోతే రూల్ తప్పంటారు. నిజానికి తప్పు ఎడంది. ఎం67 గ్రెనేడ్ చంపే వ్యాసార్థం ఐదు మీటర్లు. అదే ఎడం పాటించే వరసలో అది ఒకరి కాళ్ల దగ్గర పడితే చావు ముప్పు అతనికీ, మహా అయితే ఆ పక్కవాళ్లకీ. మిగతావాళ్లకి గాయాల భయమే. ఐదు మీటర్లంటే 28లో 89 మి.మీ., 20లో 69, 15లో 50. అంత పొడవు అట్టముక్క కత్తిరించి పెట్టుకుంటే ఆట మధ్యలో వాదన రాదు.

ఇక కాంపౌండ్లు. ఒక్కోటి 25 మీటర్ల చదరం, రెండింటి మధ్య 40 మీటర్ల చేను అనుకుంటే మొత్తం 90 మీటర్లు. 28లో అది టేబుల్ పొడవంతా తినేస్తుంది. పక్కనుంచి చుట్టుముట్టడానికి చోటుండదు, ఇద్దరూ గోడల వెనక కూర్చుని డైస్ వేసుకోవడమే. ఒక ఫైర్‌టీమ్ కాల్పులతో శత్రువు తల ఎత్తనివ్వకపోతే రెండోది కాలవలో పడి పక్కకి జరగడం, ఈ పోరు ప్రాణమంతా అందులోనే ఉంది. 20లో ఆ 90 మీటర్లు పోగా ఇంకో 42 మిగులుతాయి. ఒక కాలవ, ఒక చెట్ల వరస, చుట్టు తిరిగే దారి పెట్టుకోడానికి అది చాలు. 15లో ఏకంగా 93 మీటర్లు మిగులుతాయి, కానీ ఎనిమిది మందికి అంత నేల ఎక్కువ. టేబుల్ బోసిగా కనిపిస్తుంది, మూడు సెక్షన్ల ప్లటూన్ దింపితే తప్ప నిండదు.

ఇంట్లోకి దూరితే లెక్క మారుతుంది

గుమ్మం దాటాక 28 గెలుస్తుంది, అందులో అనుమానం లేదు. నాలుగు × మూడు మీటర్ల గది 28లో 71 × 54 మి.మీ. అందులో 24 మి.మీ. బేసులు (ఫిగర్ కింద అతికించే గుండ్రటి పీటలు) నాలుగు పడతాయి, పైనుంచి రెండు వేళ్లు కూడా దూరతాయి. 20లో 55 × 42 మి.మీ., 20 మి.మీ. బేసులు నాలుగు పడతాయి కానీ వేళ్లు గోడలకి తగులుతాయి, ట్వీజర్ దగ్గర పెట్టుకోవాలి. 15లో 40 × 30. పదహారు మి.మీ. బేసులు నాలుగు ఇరికిస్తే కదిలే చోటే ఉండదు, నలుగురు ఎలా చొరబడ్డారో చూపించడం కుదరదు. అందుకే మీకు ఇష్టమైంది నలుగురి బృందం గది గదీ గాలించే ఆట అయితే, నాలుగడుగులు × మూడడుగుల డైనింగ్ టేబుల్ మీద ఒకే కాంపౌండ్ కట్టుకుని 28లోనే ఆడండి. అక్కడ 20 తీసుకుని మిగుల్చుకునేదేమీ లేదు.

ఇల్లు కట్టేటప్పుడు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. గుమ్మం స్కేల్ ప్రకారం కోస్తారు. 90 సెం.మీ. తలుపు 28లో 16 మి.మీ., బేసేమో 24. ఫిగర్ గుమ్మంలో నిలబడదు, పక్కనే ఆనించి "లోపలున్నట్టు లెక్క" అనాల్సి వస్తుంది. తలుపు వెడల్పు ఎప్పుడూ బేస్ కంటే రెండు మి.మీ. ఎక్కువ కొయ్యండి: 26, 22, 18. ఎత్తు స్కేల్ కంటే నాలుగైదు మి.మీ. పెంచితే వెడల్పు ఎబ్బెట్టుగా కనపడదు. రెండున్నర మీటర్ల ప్రహరీ 28లో 45 మి.మీ., 20లో 35, 15లో 25. హెల్మండ్ మట్టిగోడ రైఫిల్ తూటాని ఆపేస్తుంది. కాబట్టి గోడ వెనకున్నవాడికి కవర్ బోనస్ ఇచ్చి సరిపెట్టొద్దు, అసలు కనపడడనే లెక్క. కంతలోంచి కాల్చేవాడికి మాత్రం బోనస్.

ఎవరి చేతిలో ఏముంది

ఆధునిక పోరులో ఒక్కో మనిషి ఆయుధం వేరు, అది మూడడుగుల దూరం నుంచి తెలియాలి. ఎస్ఏ80 రైఫిల్ 785 మి.మీ., మినిమి మెషిన్ గన్ మామూలు మోడల్ దాదాపు 1,040 మి.మీ. 28లో ఇవి 14, 18.6 మి.మీ. చూపు పడగానే తేడా తెలుస్తుంది. 20లో 11, 14.4. బొమ్మ భంగిమ బాగుంటే తెలుస్తుంది. 15లో 8, 10.4. చేతికి తీసుకుంటే తప్ప తెలియదు, బేస్ వెనక అంచున రంగు చుక్క పెట్టక తప్పదు. మినిమికి ఎరుపు, సెక్షన్ కమాండర్‌కి తెలుపు, మెడిక్‌కి నీలం పెడితే చాలు, అంతకుమించితే గుర్తుండవు.

రంగులకి పట్టే సమయంలో తేడా ఇంకా పెద్దది. ఈ ఆటకి సెక్షన్ ఎనిమిది మంది, ఎదుటివాళ్లు ఇరవై, ఊరి జనం డజను, అంటే నలభై ఫిగర్లు కావాలి. ఊరి జనాన్ని వదిలెయ్యకండి. కాల్చొచ్చో లేదో తేల్చుకోవాల్సిన పరిస్థితి లేకపోతే ఇది రెండో ప్రపంచ యుద్ధం ఆటకి కొత్త బట్టలు తొడిగినట్టే. చేయి తిరిగినవాళ్లకి కూడా ఒక్కో 28 ఫిగర్‌కి గంటన్నర, 20కి ముప్పావుగంట, 15కి ఇరవై నిమిషాలు పడుతుంది. నలభైకి లెక్కేస్తే అరవై గంటలు, ముప్పై, పదమూడు.

ఆ గంటలు తినేది కామోఫ్లాజ్. ఎంటీపీ అనే బ్రిటిష్ సైన్యపు మచ్చల బట్టని 28లో ఐదు రంగుల్లో వెయ్యొచ్చు. 20లో మూడు చాలు. నల్ల ప్రైమర్ (రంగుల కింద వేసే తొలిపూత) వద్దు, బూడిద రంగుది వెయ్యండి. దాని మీద లేత ఖాకీ. గోధుమరంగు వాష్ (నీళ్లలా పల్చగా కలిపిన రంగు) ముడతల్లోకి వదిలి పూర్తిగా ఆరనివ్వాలి, తడిమీద మచ్చలు పెడితే పాకిపోతాయి. ఆరాక రెండు మి.మీ. పొడవున అడ్డంగా ఆకుపచ్చ మచ్చలు, వాటి మధ్య ముదురు గోధుమ గీతలు పొట్టిగా. మచ్చలు బట్టలో సగం దాటితే దూరానికి అంతా ఒకే పచ్చగా కనపడుతుంది. అప్పుడు లేత ఖాకీ మళ్లీ అక్కడక్కడా చుక్కలుగా వేసి విడగొట్టాలి. 15లో రెండు రంగులు, నిజానికంటే ఒక మెట్టు లేతగా. బొమ్మ చిన్నదయ్యేకొద్దీ రంగు ముదురుగా కనపడటమే దీనికి కారణం. తుపాకీకి పూర్తి నలుపు వెయ్యకండి, ముదురు బూడిద వేసి అంచులు లేతగా చేస్తే ఆకారం నిలుస్తుంది.

ఏది ఎక్కడ విరుగుతుంది

28లో ఎంప్రెస్, స్పెక్టర్ లాంటి కంపెనీల మెటల్ ఫిగర్లున్నాయి. చెక్కడం అద్భుతం, విదేశం నుంచి తెప్పిస్తే బరువు వల్ల పోస్టేజీ మోత. 20లో ఎల్హీమ్ మెటల్ ఫిగర్లతో పాటు సీజర్ లాంటివాళ్ల 1:72 మెత్తని ప్లాస్టిక్ కూడా దొరుకుతుంది. డబ్బు దగ్గర 20ని నిలబెట్టేది ఈ ప్లాస్టికే. దానికో జబ్బుంది, రైఫిల్ గొట్టం వంగినప్పుడల్లా రంగు పెచ్చులూడుతుంది. ముందు గిన్నెలు కడిగే సబ్బు నీళ్లతో రుద్ది ఆరబెట్టాలి, లేకపోతే అచ్చులోని నూనె మీద ప్రైమర్ పట్టదు. వంకర గొట్టాన్ని బాగా మరిగిన నీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెడితే అలాగే ఉండిపోతుంది.

సొంతంగా 3డీ ప్రింట్ చేసుకునేవాళ్లు 28 ఫైల్‌ని 78 శాతానికి తగ్గిస్తే 20 వస్తుంది, 56 శాతానికి 15. ఇళ్లకి ఇది భేషుగ్గా పనిచేస్తుంది. మనుషులకి కాదు. 28లో 0.8 మి.మీ. ఉన్న గొట్టం 15కి వచ్చేసరికి 0.45 అవుతుంది, సపోర్టులు (ప్రింట్‌ని నిలబెట్టే సన్నని పుల్లలు) తీసేటప్పుడే విరుగుతుంది. గొట్టాన్ని విడిగా లావు చేశాకే తగ్గించాలి.

బేసులకి మన హార్డ్‌వేర్ కొట్లో దొరికే ఇనుప వాషర్లని మించినవి లేవు. ఎం12 వాషర్ బయటి వ్యాసం 24 మి.మీ., ఎం10ది 20, ఎం8ది 16, సరిగ్గా మూడు స్కేళ్లకి మూడు. మధ్య చిల్లు ఎం-సీల్‌తో పూడ్చి, దానిమీద ఫెవికాల్ రాసి జల్లెడ పట్టిన ఇసుక చల్లండి. పెట్టె అడుగున మాగ్నెట్ షీట్ వేస్తే ఆటోలో తీసుకెళ్లినా బొమ్మలు కదలవు. గోడలకి థర్మోకోల్ వాడితే దానిమీద నేరుగా స్ప్రే కొట్టొద్దు, కరిగి గుంటలు పడుతుంది. ముందు ఫెవికాల్ కలిపిన యాక్రిలిక్ రంగు రెండు పూతలు బ్రష్‌తో వెయ్యాలి. కోస్తాలో వానాకాలం ఉక్కపోతలో స్ప్రే ప్రైమర్ పొడిలా తెల్లబారుతుంది. ఆ రోజుల్లో బ్రష్ ప్రైమరే మేలు.

వాహనం వస్తే

ఒకటో రెండో పికప్‌లైతే ఏ స్కేల్‌లోనైనా పరవాలేదు. బీఎంపీ-2 లాంటి కవచ వాహనాలు రెండు మూడు దింపాలంటే మాత్రం ఆలోచించాలి. 6.7 మీటర్ల బండి 28లో 120 మి.మీ., 20లో 93, 15లో 67. ఇక చినూక్ హెలికాప్టర్, రెక్కలు తిరుగుతుండగా 30 మీటర్లు. 28లో అర మీటర్ పైన స్థలం పోతుంది, కింద గస్తీకి చోటే ఉండదు. కవచ వాహనాలతో ప్లటూన్ పోరు మీ కోరికైతే 15కి వెళ్లండి, అక్కడ మిగతా రెండూ దానికి సాటిరావు.

కాలినడక సెక్షన్‌కి మాత్రం 20 తీసుకోండి. కొనేముందు ఒక పని చెయ్యండి. పాత న్యూస్‌పేపర్‌ని 35 × 35 సెం.మీ. చదరాలు రెండు కత్తిరించి మీ టేబుల్ మీద కాంపౌండ్లుగా పరవండి, మధ్యలో 55 సెం.మీ. వదలండి. ఎనిమిది బటన్లని 69 మి.మీ. ఎడంతో వరసలో పెట్టి ఒక అంచు నుంచి నడిపించి చూడండి. వరస మొత్తం లోపలికొచ్చాక పక్కకి తిరిగి చుట్టుముట్టే దారి మిగిలితే స్కేల్ సరిపోయినట్టే. మిగలకపోతే అవే బటన్లని 50 మి.మీ.కి జరిపి, చదరాలు 25కి, మధ్య దూరం 40కి తగ్గించి మళ్లీ చూడండి. ఫిగర్ల ఆర్డర్ ఆ తర్వాతే.