అక్క ఇంజెక్షన్ల కోసం ఆన్‌లైన్‌లో సాయం అడిగాం: ఆ సైట్ గురించి నా రివ్యూ (5కి 3)

మా అక్కది హిందూపురం. నేను బెంగళూరులో, బొమ్మనహళ్లి దగ్గర ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. అక్కకి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్, కీమో వరకు దాచుకున్నదీ, నగలు కుదువ పెట్టి తెచ్చిందీ కలిపి ఎలాగో నెట్టుకొచ్చాం. ఆమెది హెర్2 పాజిటివ్ (హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే) రకం కాబట్టి కీమో అయ్యాక కూడా ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ 21 రోజులకొకటి చొప్పున ఏడాది పాటు పడాలి. మధ్యమధ్యలో గుండెకి ఎకో తీయాలి. ఇదే మందును మన బెంగళూరు కంపెనీ బయోకాన్ 2014లో తక్కువ ధరకి మార్కెట్లోకి తెచ్చింది. అయినా ఏడాది మొత్తానికి ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ 4,80,000 రూపాయలు. ఆ కాగితం పట్టుకునే, వైద్యానికి ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే ఈ సైట్‌కి వెళ్లాం.

ముందు మంచి చెప్తాను. ఎస్టిమేట్, బయాప్సీ రిపోర్టు, అక్క ఆధార్ అడిగారు. ఆసుపత్రికి ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కున్నారు. మూడో రోజుకి పేజీ వచ్చింది. వచ్చిన డబ్బు మా ఖాతాలోకి కాకుండా నేరుగా ఆసుపత్రికి పంపే వీలుంది, మేం అదే పెట్టుకున్నాం. ఇచ్చినవాళ్లకి మా మీద అనుమానం రాకూడదు కదా.

నచ్చనిది ఫొటో గొడవ. అక్క తన ఆకుపచ్చ చీరలో, తలకి స్కార్ఫ్ కట్టుకుని, మంచం మీద నిటారుగా కూర్చున్న ఫొటో పంపాను. ఫోన్‌లో మాట్లాడిన అబ్బాయి “మేడమ్, ఇందులో పేషెంట్ బాగానే ఉన్నట్టు కనిపిస్తున్నారు, సెలైన్ పెట్టినప్పటిది ఉందా?” అన్నాడు. అక్క పక్కనే ఉంది, విన్నది. “ఏడుపు మొహం మాత్రం పెట్టొద్దే. రేపు పాపకి సంబంధం చూసేవాళ్లు ఇదే చూస్తారు” అంది. నేను ఫొటో మార్చలేదు. మీ మీద కూడా ఒత్తిడి తెస్తే మార్చకండి.

రెండోది టిప్. విరాళం కట్టే చోట సైట్‌కి టిప్ ముందే టిక్ చేసి ఉంటుంది. మా ఊరి మేస్త్రీ ఒకాయన 500 ఇద్దామనుకుంటే 570 కట్ అయింది. “ఆ 70 కూడా అక్కకేగా అమ్మా” అన్నాడు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు నుంచి లింక్ పంపిన ప్రతివాళ్లకీ టిప్ ఎలా తీసెయ్యాలో స్క్రీన్‌షాట్ పెట్టాను. ఆన్‌లైన్ చెల్లింపుకి పడే గేట్‌వే ఛార్జీలు, వాటి మీద 18 శాతం జీఎస్టీ వేరే.

47 రోజుల్లో 3,12,400 వచ్చింది. సైట్‌లో పెడితే ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇస్తారనుకున్నాను. లెక్క తీస్తే ముప్పాతిక వంతు మాకు తెలిసినవాళ్లూ, వాళ్లకి తెలిసినవాళ్లూ ఇచ్చిందే. మా ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేసే ఆడవాళ్లు, అక్క టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు, మా అపార్ట్‌మెంట్ వాళ్లు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మాట్లాడాకే డబ్బు కదిలింది. ఊరికే లింక్ పడేస్తే ఎవరూ తెరవలేదు. అక్క పొదుపు సంఘం వాళ్లయితే 8,600 నోట్లుగా, రబ్బరు బ్యాండు వేసి ఇంటికే తెచ్చిచ్చారు.

మా మేనేజర్ ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడిగారు. ఒక మనిషి వైద్యానికి ఇలా ఇచ్చినదానికి ఆ మినహాయింపు ఉండదు, రిజిస్టరైన ట్రస్టుకి ఇస్తేనే వస్తుంది. ఈ మాట ముందే చెప్పండి, తర్వాత ఇబ్బంది పడకుండా ఉంటారు. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి కూడా దరఖాస్తు పెట్టాం, అక్కడ క్యాన్సర్‌కి సాయం ఉంది. వచ్చే మంగళవారం అక్కకి పదకొండో డోసు.

అక్క ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఇచ్చినవాళ్ల పేర్లన్నీ రాసుకుంది. పేరు చెప్పకుండా ఇచ్చినవాళ్లు 43 మంది. వాళ్లని ఒకే లైన్లో కలిపి రాయమంటే ఒప్పుకోలేదు. “పేరు తెలియదు” అని 43 సార్లు, ఎదురుగా ఎంతిచ్చారో రాసింది.

సైట్ వాళ్లు ఇది చదివితే ఒక్కటే అడుగుతాను. ఆ టిప్‌ని సున్నా దగ్గర పెట్టండి, ఇవ్వాలనుకున్నవాళ్లు వాళ్లే వేసుకుంటారు.