మావాడి కడుపునొప్పి, కౌన్సెలింగ్ క్లినిక్: మేడమ్‌కి ఐదు స్టార్లు, రిసెప్షన్‌కి ఒకటిన్నర

క్లినిక్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇందులో తిట్లు కూడా ఉన్నాయి, మళ్ళీ అదో గొడవ. బెంగళూరు మారతహళ్లిలో పిల్లల కౌన్సెలింగ్ సెంటర్, కింద మెడికల్ షాపు, పైన ఇది. 2021 ఫిబ్రవరి నుంచి ఆ ఏడాది చివరి దాకా పద్నాలుగు సెషన్లు అయ్యాయి. రివ్యూ పెట్టండి సార్ అని అప్పట్నుంచీ మెసేజ్‌లు పంపుతూనే ఉన్నారు, ఇప్పటికి కుదిరింది.

మావాడు అప్పుడు ఫస్ట్ క్లాస్, స్కూల్ గేటు కూడా చూడకుండా ఫస్ట్ క్లాస్ అయిపోవచ్చింది. 2020 మార్చిలో యూకేజీ చివర్లో స్కూళ్లు మూసేశారు, జూన్‌లో ఐదో క్లాసు దాకా ఆన్‌లైన్ క్లాసులే వద్దని కర్ణాటక గవర్నమెంట్ అంది, జూలైలో హైకోర్టు అలా కుదరదంది, సరే అని ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాం. అసలు విషయం అది కాదు. వాడికి ఎదురు ఫ్లాట్ పిల్లాడే లోకం. వాళ్లది విజయవాడ, వర్క్ ఫ్రమ్ హోమ్ కదా అని జూన్‌లో ఊరికెళ్లారు, పదిరోజుల్లో వచ్చేస్తాంరా అని చెప్పి మరీ వెళ్లారు, ఆగస్టులో వాళ్ల నాన్న ఒక్కడే వచ్చి సామాను లారీకెక్కించుకుని పోయాడు. అప్పట్లో మా వీధంతా టు-లెట్ బోర్డులే, మేమేమో ఇదే ఛాన్స్ అని ఓనర్‌తో అద్దె తగ్గించమని బేరాలాడుకుంటున్నాం. మావాడికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. వాడు అడగలేదు, మేం చెప్పలేదు.

నవంబర్‌లో మొదలైంది కడుపునొప్పి. పొద్దున సరిగ్గా క్లాస్ లింకు ఓపెన్ చేసే టైముకి. ముగ్గురు డాక్టర్లు, నులిపురుగుల మందు, గ్యాస్ సిరప్, ఒక స్కానింగ్, అన్నీ నార్మల్. హిందూపురం నుంచి మా అమ్మ ఫోన్‌లోనే దిష్టి తీయించింది, స్పీకర్ ఆన్ చేసి ఆమె చెప్తుంటే మా ఆవిడ ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. ఆదివారం నొప్పి రాదు కాబట్టి ఇది డ్రామా అని నేను తేల్చేశా, ఓరోజు ఆఫీస్ కాల్ మధ్యలో డ్రామాలాపు అని గట్టిగా అరిచా కూడా, మ్యూట్‌లో ఉన్నాననుకున్నా, లేను. సంక్రాంతికి వచ్చేసరికి ఆదివారాలు కూడా నొప్పి. పప్పుచారన్నం అంటే ప్రాణం పెట్టేవాడు, రెండు ముద్దలకే చాలనేవాడు, బ్లాకుల డబ్బా మూత తీసి ఎన్నాళ్లయిందో, ఊ అంటే చేతిలో ఉన్నది విసిరికొట్టడం, లేదంటే బాల్కనీ గ్రిల్ పట్టుకుని గమ్మున నిలబడ్డం. అప్పుడు భయమేసింది నిజంగా.

రాత్రుళ్లు కూర్చుని వెతికా. చైనాలో హుబే ప్రావిన్స్‌లో, అదే వూహాన్ ఉన్న చోట, 2020లో రెండు నుంచి ఆరో క్లాసు దాకా పిల్లలు 1784 మందిని అడిగితే 22.6 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయట. వాళ్లు అప్పటికి ఇంట్లో ఉన్నది సగటున 33.7 రోజులు. మావాడు పదకొండు నెలలు. ఆ లెక్క చూశాక ఇంక నిద్ర పట్టలేదు.

మొదట నిమ్హాన్స్ (బెంగళూరులోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య ఆసుపత్రి) అనుకున్నాం, అక్కడ పిల్లలకి వేరే డిపార్ట్‌మెంటే ఉంది, ఖర్చు కూడా ప్రైవేటుతో పోలిస్తే తక్కువ. కానీ మా అమ్మ "పిల్లోణ్ని పిచ్చాసుపత్రికి తీసుకపోతావారా" అని ఏడ్చేసరికి వెనక్కి తగ్గా. ఈ విషయంలో తప్పు నాదే, మీరు అలాంటి మాటలు పట్టించుకోకండి.

సరే క్లినిక్ సంగతి. అప్పట్లో ఫస్ట్ సెషన్ 2000, తర్వాత ముప్పావుగంటకి 1500. వెళ్లగానే పదకొండు పేజీల ఫారం, అంతా ఇంగ్లీషు, పుట్టగానే ఏడ్చాడా, ఎన్నో నెలలో మెడ నిలబెట్టాడు, ఇలాంటివి. మా ఆవిడకి అన్నీ గుర్తున్నాయి, నాకు ఒక్కటీ తెలీదు. ఇంట్లో పిల్లాడితో రోజూ ఎవరు ఆడతారు అని ఒక ప్రశ్న ఉంది, అది మాత్రం ఇద్దరం ఖాళీగా వదిలేశాం.

మేడమ్ క్లినికల్ సైకాలజిస్ట్, ఆర్‌సీఐ, అంటే క్లినికల్ సైకాలజిస్టులకి గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ, వాళ్లిచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్ గోడ మీదే ఉంది (ఎక్కడికెళ్లినా ఇది చూసుకోండి, ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లు కూడా ఉన్నారు). చింతామణి వైపు వాళ్లట, చక్కగా తెలుగు మాట్లాడతారు, అది మా అదృష్టం. మాస్క్ వేసుకుంటే పిల్లలకి మొహం తెలీదని, మాస్క్ లేకుండా నవ్వుతున్న తన ఫొటో పెద్దది ప్రింట్ తీసి మెడలో వేసుకున్నారు, మావాడు ముందు దాన్నే చూశాడు చాలాసేపు. మొదటి మూడు సెషన్లు వాణ్ని ఏమీ అడగలేదు. వామనగుంటల పీట, చింతగింజలు, అంతే. 1500 ఇచ్చి చింతగింజలాడిస్తున్నామా అని బయట కూర్చుని నేను లోపల్లోపల ఉడికిపోయా. నాలుగోసారి గింజలు పంచుతూ వాడే అన్నాడంట, "నాకు నొప్పి పొద్దున లేచినప్పుడే వస్తుంది ఆంటీ, లేచినా ఏం లేదు గదా" అని. ఆమె ఈ మాట మాకు చెప్పినప్పుడు మా ఆవిడ నా వైపు చూడలేదు.

తర్వాత మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు: ఈ వయసు పిల్లలు దిగులుగా ఉందని చెప్పరు, చెప్పడం రాదు, అది కడుపునొప్పిగానో తలనొప్పిగానో చిరాకుగానో బయటికొస్తుంది, నొప్పి అబద్ధం కాదు. మందులు ఇప్పుడు అవసరం లేదు, ఒకవేళ కావాలంటే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపిస్తాను, నేను రాయకూడదు అన్నారు. మాకు హోంవర్క్: రోజూ అరగంట వాడు చెప్పిన ఆట, మధ్యలో స్పెల్లింగులూ ఎక్కాలూ అడక్కూడదు, ఫోన్ పక్కగదిలో ఉండాలి. ఆ అరగంట ఎంత కష్టమో చేసి చూడండి. ఎదురింటి పిల్లాడు ఇంక ఇక్కడ ఉండడానికి రాడని స్పష్టంగా చెప్పమన్నారు. చెప్పాం, రెండ్రోజులు ఏడ్చాడు. ఆ తర్వాత ప్రతి శనివారం ఐదింటికి వీడియో కాల్. మొదట్లో ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లు కాదు, అటు వాడు మురుకులు తింటుంటే ఇటు వీడు చూసేవాడు, అరగంట అంతే. ఏప్రిల్‌కల్లా మావాడు కూడా మురుకులు పట్టుకుని కూర్చోవడం మొదలెట్టాడు.

ఇక కంప్లైంట్లు. సెకండ్ వేవ్‌లో సెషన్లు ఆన్‌లైన్ చేశారు, ఏడేళ్ల పిల్లాడికి అది శుద్ధ దండగ, వాడు పారిపోయిందే స్క్రీన్ నుంచి కదా, అయినా ఫీజు రూపాయి తగ్గించలేదు. బండి పెట్టుకోడానికి చోటు లేదు. ఏసీ లేకపోయినా పర్లేదు గానీ వెయిటింగ్ రూమ్ టీవీలో పొద్దస్తమానం కరోనా న్యూస్, దిగులు పోగొట్టుకోడానికి వచ్చిన పిల్లల ముందు! రెండుసార్లు నేనే లేచి ఆపేశా.

అక్టోబర్ 25న ఒకటి నుంచి ఐదు క్లాసులకి స్కూళ్లు తెరిచారు. మొదటివారం మళ్ళీ కడుపునొప్పి, మేడమ్ ముందే చెప్పారు వస్తుందని, కంగారుపడలేదు. ఇప్పుడు అప్పుడప్పుడు వస్తుంది, పరీక్షలప్పుడు. పప్పుచారు తింటున్నాడు.

డిసెంబర్‌లో పద్నాలుగో సెషన్ అవ్వగానే మేడమే, ఇంక రానక్కర్లేదు, అవసరమైతే ఫోన్ చేయండి అన్నారు. కానీ రిసెప్షన్‌లో అప్పటికే మాతో పది సెషన్ల ప్యాకేజీ రెండోసారి కూడా కట్టించారు, 13,500. మిగిలిన సెషన్ల డబ్బులు అడిగితే రీఫండ్ లేదు సార్, మీ రెండోవాడికి వాడుకోండి అంది ఆ అమ్మాయి.

మాకు రెండోవాడు లేడు.