యుద్ధకాలపు రివాల్వర్‌కు విలువ కట్టించుకున్నాం: విశాఖ వన్‌టౌన్‌లోని ఒక పాత తుపాకుల దుకాణం గురించి

విశాఖపట్నం వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసు వైపు వెళ్లే దారిలో, మేడమీద ఒక తుపాకుల దుకాణం ఉంది. ప్రభుత్వ లైసెన్సు ఉన్న డీలరు. ఆయుధాల వ్యాపారం కనుక పేరు, ఇంటి నంబరు రాయవద్దని యజమాని కోరారు, ఆ కోరిక సబబేనని నాకూ అనిపించింది. నగరంలో తుపాకీ లైసెన్సు ఉన్నవారిలో ఎవరిని అడిగినా చూపిస్తారు. అక్కడ తూటాలూ తుపాకులూ అమ్మడంతో పాటు, ఇళ్లలో తరాలుగా ఉండిపోయిన యుద్ధకాలపు రివాల్వర్లు ఏ రకానివో గుర్తించి, వాటి స్థితిని రాసి, విలువ కట్టి కాగితం ఇస్తారు. నేను రాస్తున్నది ఆ సేవ గురించే.

మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యపు సరఫరా విభాగంలో జమేదారుగా పనిచేశారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేసినప్పుడు మా నాయనమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని విజయనగరం వైపు నడిచిపోతే, ఆయన బర్మా సరిహద్దులో ఉన్నారు. యుద్ధం ముగిశాక మిగులు సామాను అమ్మకంలో ఆయన కొన్న రివాల్వర్ తరవాత నాన్నగారి లైసెన్సులోకి వచ్చింది. నాన్నగారు చనిపోయాక వారం లోపలే దాన్ని పోలీసు స్టేషనులో డిపాజిట్ చేసి రసీదు తీసుకున్నాం. ఆ పైన అధికారుల అనుమతితో ఈ డీలరు దగ్గరికి మార్చాం. వారసుడిగా నేను దాన్ని ఉంచుకోవాలా, అమ్మాలా అన్నది తేల్చుకోవాలంటే ముందు అదేమిటో తెలియాలి. అంతకుముందు వేరే నగరంలోని ఒక మధ్యవర్తికి ఫోనులో ఫొటోలు పంపితే, ఆయన అయిదు నిమిషాల్లో "ఇది మొదటి ప్రపంచ యుద్ధం నాటి వెబ్లీ" (వెబ్లీ ఒక బ్రిటిష్ తుపాకుల సంస్థ) అని చెప్పి, ఒక పెద్ద అంకె చెప్పి, అడ్వాన్సు అడిగాడు. వస్తువును చేతిలోకి తీసుకోకుండా చెప్పిన ఆ మాటను నేను నమ్మలేదు.

ఇక్కడి యజమానికి డెబ్బై ఏళ్లుంటాయి. ఆయన మొదట చేసిన పని, పిడికి పైన ఎడమవైపున్న మీటను బొటనవేలితో నొక్కి, గొట్టాన్ని కిందికి వంచి, సిలిండర్‌లోని ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని తాను చూసి, తరవాత నాకు చూపించడం. ఆ క్రమం ఆయన ఎన్నడూ తప్పరని తరవాత గమనించాను. వస్తువు నా చేతికి ఇచ్చిన ప్రతిసారీ, తిరిగి తీసుకున్న ప్రతిసారీ సిలిండర్ తెరిచారు. పిమ్మట హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) తలను చూపించి, "దీని కొక్కెం విరిగిందని మీ ఇంట్లో అనుకుంటున్నారా?" అని అడిగారు. నిజమే. బొటనవేలితో వెనక్కి లాగడానికి ఉండవలసిన కొక్కెం బర్మాలో ఎక్కడో విరిగిపోయిందని నాన్నగారు నమ్మేవారు, మేమూ నమ్మాం. "విరగలేదండీ, కర్మాగారంలోనే ఇలా చేశారు" అని ఆయన నా వేలిని పట్టుకుని ఆ అంచు మీద నడిపించారు. విరిగిన చోటు గరుకుగా ఉండాలి. ఇది గులకరాయిలా నున్నగా, గుండ్రంగా ఉంది.

అది వెబ్లీ కాదు, ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 మార్క్ 1 స్టార్ అని ఆయన తేల్చారు. మన దగ్గర మధ్యకు వంగి తెరుచుకునే ప్రతి రివాల్వర్‌నూ వెబ్లీ అనేయడం వాడుక, పోలికలు కూడా అలాగే ఉంటాయి. 1915లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన వెబ్లీ మార్క్ 6 .455 బోరుది (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో), ఆరంగుళాల గొట్టం, కిలోకు పైగా బరువు. కొద్దిపాటి శిక్షణతో యుద్ధానికి వెళ్లే సైనికుడికి అది లొంగదని మొదటి యుద్ధం తరవాత సైన్యం భావించి, .38 బోరుకు దిగింది. వెబ్లీ సంస్థ తయారుచేసి చూపిన నమూనాను ప్రభుత్వ కర్మాగారమైన ఎన్‌ఫీల్డ్ కొద్ది మార్పులతో తనదిగా చేసుకుని, 1930ల ఆరంభంలో నంబర్ 2 మార్క్ 1 పేరుతో సైన్యానికి ఇచ్చింది. వెబ్లీ వారు పరిహారం కోసం పోరాడి చివరికి 1,250 పౌండ్లు పొందారు. ఇరుకైన ట్యాంకుల్లో హ్యామర్ కొక్కెం బట్టలకూ సామానుకూ తగులుకుంటోందన్న కారణంతో 1938లో కొక్కెం లేని రకం వచ్చింది. మార్క్ 1 పక్కన నక్షత్రం గుర్తు ఉన్నది అదే. పాత మార్క్ 1లను కూడా ఇలాగే మార్చినందువల్ల, మొదటినుంచీ ఇలా తయారైనదో, తరవాత మార్చినదో చూడాలి. మాదాని కుడిపక్కన కిరీటం, ఎన్‌ఫీల్డ్ పేరు, రకం, 1940 సంవత్సరం ఒకే వరుసలో ఉన్నాయి. నక్షత్రం విడిగా కొట్టినది కాదు. కనుక మొదటినుంచీ ఇదే రూపం.

యుద్ధకాలంలో ఇదే తూటాకు పనికివచ్చేలా అమెరికా నుంచి వచ్చిన స్మిత్ అండ్ వెసన్ విక్టరీ రివాల్వర్లను గుర్తించే పద్ధతి కూడా ఆయన అడగకుండానే చెప్పారు. వాటి సీరియల్ నంబరు ముందు వి అక్షరం ఉంటుంది, సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, పిడి చివర తాడు కట్టే రింగు ఉంటుంది. యుద్ధం తరవాత వాటిలో చాలావాటి గదులను వేరే రకం .38 తూటా పట్టేలా తొలిచేశారు. అలా తొలిచినవాటికి విలువ పడిపోవడమే కాక, ఆ కొత్త రకం తూటా పేలిస్తే, గది దానికి వదులు కనుక, గుల్ల ఉబ్బుతుందట.

అసలు కష్టం ముద్రల దగ్గర మొదలైంది. 1970ల్లో నాన్నగారు ప్రేమకొద్దీ రివాల్వర్‌కు నికెల్ పూత వేయించారు. ఆ పూత అక్షరాల గాళ్లలో నిండిపోయి, అంచులు కరిగిన మైనంలా కనిపిస్తాయి. యజమాని గది కిటికీ మూసి, ఒక దీపాన్ని బల్లకు ఆనేంత వాలుగా పెట్టి, ముద్రల మీద సుద్దపొడి అద్ది తుడిచి, భూతద్దంతో ఒక్కొక్కటీ చదివారు. ఆ వెలుగులో, నేను ఇన్నేళ్లలో ఎన్నడూ చూడని ఒక చిన్న బాణపు గుర్తు, దాని కింద ఆంగ్ల ఐ అక్షరం తేలాయి. బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి గుర్తు, కింద ఐ ఉంటే భారత సైన్యపు సామాను. దానికి పక్కగా, ములుకులు ఎదురెదురుగా కలుసుకున్న రెండు బాణాలు ఉన్నాయి. సైన్యం దాన్ని తన లెక్కల నుంచి తీసి అమ్మేసిందని చెప్పే ముద్ర అది. తాతగారు కొనుక్కున్నారన్న ఇంటి మాటకు ఇనుము మీద సాక్ష్యం దొరికినట్టయింది. ఆ క్షణాన నాకు గొంతు పెగల్లేదు.

తరవాత సీరియల్ నంబరు. ఆయన పలచటి కాగితాన్ని ముద్ర మీద పరిచి పెన్సిల్ సీసంతో రుద్ది అచ్చు తీసి, లైసెన్సు పుస్తకం పక్కన పెట్టారు. పుస్తకంలో 3 అని ఉన్న చోట ఇనుము మీద ఉన్నది 8. నికెల్ పూత ఎడమ సగాన్ని కప్పేసింది, దశాబ్దాల క్రితం ఏదో రెన్యువల్‌లో ఎవరో చూసినంతే రాశారు, ఆ తప్పు అక్కడి నుంచి ప్రతి రెన్యువల్‌లోనూ, చివరికి కంప్యూటర్ రికార్డులోనూ నకలైపోయింది. "అమ్మకం, వారసత్వం అన్నీ తరవాత. ముందు ఈ అంకె దిద్దించుకోండి. కాగితంలో ఉన్న తుపాకీ వేరు, ఇనప్పెట్టెలో ఉన్న తుపాకీ వేరు అంటే రేపు సమాధానం చెప్పుకోవాల్సింది మీరు" అని ఆయన గట్టిగా చెప్పారు. ఈ ఒక్క సంగతి కనిపెట్టినందుకే ఆయనకు ఇచ్చిన రుసుము చెల్లిపోయిందని నేననుకుంటున్నాను.

విలువ విషయంలో ఆయన లెక్క కటువుగా ఉంది, కాని ప్రతి కోతకూ కారణం చెప్పారు. గొట్టం లోపలి గాళ్లు స్పష్టంగా ఉన్నాయి, సిలిండర్ మీది నంబరూ ఫ్రేమ్ మీదిదీ కలిశాయి, మెకానిజంలో వదులు లేదు. ఇవి విలువను పెంచేవి. అసలు ఉండవలసిన పిడి పోయి, ఎవరో వడ్రంగి చేసిన టేకు పిడి ఉంది. అన్నిటికంటె పెద్ద నష్టం నికెల్ పూత. "మొదటి పూత అరిగిపోయి, అక్కడక్కడ గోధుమరంగుకు తిరిగి ఉన్నా దీనికి రెట్టింపు రాసేవాణ్ణి. మెరుపు చూసి కొనేవాడు సేకర్త కాడు" అన్నారు. పూత తీయించనా అని అడిగితే వద్దన్నారు, తీసేటప్పుడు మిగిలిన ముద్రలు కూడా పోతాయి. ఆయన ఎక్కువ విలువ ఇచ్చింది, లైసెన్సు పుస్తకం అట్టలో మడిచి ఉన్న 1948 నాటి మిగులు సామాను రసీదుకు. వస్తువు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే కాగితం ఉన్న రివాల్వర్లు చాలా తక్కువట. ఆ చీటీని నేను ఒకసారి పాత కాగితాలతో పాటు పారేయబోయాను.

విదేశీ వేలాల్లో పలికే ధరలను రూపాయల్లోకి మార్చి చూసుకునేవారికి ఆయన చెప్పిన మాట ఉపయోగపడుతుంది. మన దేశంలో .38, .455 బోరు చేతి తుపాకులు నిషిద్ధ బోరు కింద లెక్కకు వస్తాయి, ఆ లైసెన్సు ఇచ్చేది కేంద్ర హోంశాఖ. అందుచేత కొనగలిగేవారే అతి తక్కువ. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరవాత మామూలుగా ఒకరు రెండు తుపాకులకు మించి ఉంచుకోరాదు, కొనేవాడు తనకున్న రెండు అవకాశాల్లో ఒకటి దీనికి ఖర్చుచేయాలి. పాతదైపోయింది కనుక చట్టం వర్తించదనుకోవడం పొరపాటు. 1959 నాటి ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చేది, మరమ్మతు చేసినా తుపాకీగా పనికిరాని పురాతన ఆయుధాలకే. మాది పనిచేస్తుంది, కాబట్టి మినహాయింపు లేదు. ఈ లెక్కలన్నీ కలిపి ఆయన రాసిన అంకె, ఫోనులో మధ్యవర్తి చెప్పిన దానిలో నాలుగో వంతు. అంత తక్కువ రాసినా, తాను కొంటానని మాత్రం అనలేదు. విలువ కట్టిన వస్తువును తాను కొనకపోవడం ఆయన పెట్టుకున్న నియమం. రుసుము కూడా విలువలో శాతంగా కాక, ఏ రివాల్వర్‌కైనా ఒకటే, నాలుగు వేలు. ఈ రెండు కారణాల వల్లనే ఆ అంకె మీద నాకు నమ్మకం కుదిరింది.

లోపాలూ ఉన్నాయి. నివేదిక చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది, రెండుసార్లు ఊరికే తిరగవలసి వచ్చింది. చేతిరాతలో, ఆంగ్లంలో ఉన్న ఆ రెండు పేజీలను మా అమ్మకు నేను చదివి చెప్పాను. తెలుగులో ఒక పేజీ జతచేస్తే ఎందరో ఇళ్లవాళ్లకు మేలవుతుంది. రుసుము ఎంతో ముందుగా చెప్పలేదు. మేడమెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. లైసెన్సులు వారసత్వంగా వచ్చేవారిలో పెద్దవయసువారే ఎక్కువ కనుక ఇది చిన్న విషయం కాదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు మూసి ఉంటుంది. వెళ్లేవారు లైసెన్సు పుస్తకం, డిపాజిట్ రసీదు, మరణ ధ్రువపత్రం, ఇంట్లో ఉన్న ఏ పాత చీటీనైనా తీసుకువెళ్లాలి. ఆయుధాన్ని మాత్రం అనుమతి లేకుండా సంచిలో పెట్టుకుని వెళ్లకూడదు, అలా వచ్చినవారిని ఆయన గుమ్మం దగ్గరే వెనక్కి పంపుతారు.

నంబరు సవరణకు పెట్టుకున్న దరఖాస్తుకు ఆయన తీసిన పెన్సిల్ అచ్చు, నివేదిక జతచేశాను. రెండు నెలల్లో దిద్దుబాటు జరిగింది. రివాల్వర్‌ను ఉంచుకోవాలనే నిర్ణయించుకుని వారసత్వపు దరఖాస్తు పెట్టాను, అది తేలేవరకు వస్తువు ఆయన ఇనప్పెట్టెలోనే ఉంటుంది. ఎడమవైపు పూత కింద లేచిన తుప్పుకు కారణం తాతగారి తోలు ఒర అని ఆయన చూపించారు. మన సముద్రపు ఉప్పుగాలికి తోలు తేమను పీల్చి ఇనుమును తింటుంది. ఇప్పుడు రివాల్వర్ నూనెగుడ్డలో ఉంది. ఒరను మాత్రం నాకు ఇచ్చేశారు, అది మా ఇంట్లో తాతగారి ఫొటో కింద ఉంది.