బల్సా ట్రైనర్ విమానం: పర్లాకిమిడి పొలాల్లో ఏళ్ల తరబడి ఎగరేశాక

నా దగ్గరున్నది 40 సైజు ట్రైనర్. అంటే 0.40 క్యూబిక్ అంగుళాల, మన లెక్కలో ఆరున్నర సీసీ ఇంజిన్‌కి సరిపడే రేడియో కంట్రోల్ విమానం. రెక్క ఈ కొస నుంచి ఆ కొస దాకా 63 అంగుళాలు, బ్యాటరీతో కలిపి బరువు రెండున్నర కిలోలు. బల్సా చెక్క చట్రం, దాని మీద వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ ఫిల్మ్. ఈ తరగతిలో ఏ కంపెనీది తీసుకున్నా డిజైన్ ఇంచుమించు ఒకటే. రెక్క బాడీకి పైన ఉంటుంది, రెండు కొసలూ కొంచెం పైకి లేచి ఉంటాయి, చేతిలోని రిమోట్ స్టిక్కులు వదిలేస్తే విమానం దానంతటదే తిన్నగా అవుతుంది. అందుకే కంపెనీ పేరు పక్కన పెట్టి, ఈ రకం విమానం మన ప్రాంతంలో ఎలా నిలబడుతుందో, దేనిమీద డబ్బు పెట్టాలో, దేనిమీద పెట్టకూడదో రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ కొనాల్సింది ఇదే. ఫోమ్ విమానాలు చవక, పడినా అతికించుకోవచ్చు, నిజమే. కానీ ఎండలో ఉంచిన ఫోమ్ రెక్క ఒకసారి వంకరపోతే మళ్ళీ దారికి రావడం కష్టం. చెక్క రెక్కలో విరిగిన రిబ్బు (రెక్కకి ఆకారమిచ్చే అడ్డ బద్ద) ఒక్కదాన్నే కోసి తీసి, అదే కొలతకి కొత్తది పెట్టుకోవచ్చు. నా విమానంలో పెట్టెతో పాటు వచ్చిన భాగాలు ఇప్పుడు సగం కూడా లేవు. కొన్నప్పటికంటే ఇప్పుడే బాగా ఎగురుతోంది.

పర్లాకిమిడిలో నాది మిక్సీలు, ఫ్యాన్లు, ఇన్వర్టర్లు బాగుచేసే షాపు. పాతపట్నం దాటితే మా ఊరే. విమానాల పిచ్చి కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో పట్టుకుంది. అక్కడ ఏరోమోడలింగ్ నేర్పుతారు, వాయు సైనిక్ క్యాంపుల్లో అందులో పోటీలు కూడా ఉంటాయి. మా దగ్గర ఎగరేసే సీజన్ వరి కోతలయ్యాక మొదలవుతుంది. పొలాలు ఖాళీ అవుతాయి, పొద్దున మంచు విడిపోయాక గాలి నిలకడగా ఉంటుంది. ఎండ ముదిరితే నేల వేడెక్కి గాలి కుదుపులు మొదలవుతాయి. వానాకాలమంతా విమానం అటక మీదే.

మొదటి దెబ్బ పడింది చక్రాలకి. ఈ ట్రైనర్లన్నిటికీ ముక్కు కింద ఒక చక్రం, రెక్క కింద రెండు చక్రాలు ఇస్తారు. సిమెంటు రన్‌వే మీద అది చాలా సుఖం. వరి మోళ్లు నిలిచి ఉన్న మడిలో మాత్రం ముక్కు చక్రం మోడుకి తగిలి వెనక్కి వంగుతుంది. ఆ చక్రం తీగ కాలు పట్టుకుని ఉండేది ఫైర్‌వాల్‌ని, అంటే ఇంజిన్ బిగించే ప్లైవుడ్ పలకని. తీగ వంగిన ప్రతిసారీ ఆ పలక అతుకు కొంచెం కొంచెంగా వదులవుతుంది, పైకి ఏమీ కనిపించదు. ఇంజిన్ పట్టుకుని పక్కకి ఊపితే వెంట్రుకవాసి గీత తెరుచుకుని మూసుకోవడం కనిపించింది. అప్పుడే ముక్కు చక్రం పీకేశాను. పలకని అరాల్డైట్‌తో మళ్ళీ అతికి, లోపలి మూలల్లో త్రికోణపు చెక్క బద్దీలు పెట్టాను. ప్రధాన చక్రాల కాళ్ళని బరువు కేంద్రానికి ముందుకి జరిపి, తోక కింద చిన్న చక్రం పెట్టాను. చక్రాలు మూడున్నర అంగుళాలవి వేశాను.

కాళ్ళు బిగించే దిమ్మ కోసం మా వీధి వడ్రంగి దగ్గరికి వెళ్తే ఆయన బల్సా ముక్కని చేతిలో తిప్పి, గోరుతో నొక్కి, “ఇదేం చెక్క బాబూ, గోరు పెడితే దిగిపోతోంది, దీని మీద నీ ఇంజిన్ ఎలా ఆగుతాది?” అన్నారు. బల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది, మన వాళ్ళ చేతికి అలవాటైన చెక్క కాదు. ఆయనే టేకు ముక్క చిత్రిక పట్టి దిమ్మ చేసి ఇచ్చారు. ఆ దిమ్మ ఇప్పటికీ కదల్లేదు. బల్సా విమానంలో బరువు పడే నాలుగు చోట్ల గట్టి చెక్క ఉంటే చాలు, మిగతాదంతా ఎంత తేలికైతే అంత మంచిది.

ఒక హెచ్చరిక. తోక చక్రం పెట్టాక నేలమీద పరుగులో విమానం ఎడమకి లాగుతుంది, రడ్డర్‌తో (తోక మీద నిలువుగా ఉండి పక్కలకి తిరిగే పలక) పట్టుకోవాలి. కొత్తవాళ్ళకి మొదట్లో టెన్షన్ తప్పదు. మీ దగ్గర చదునైన మైదానం ఉంటే ముక్కు చక్రమే ఉంచుకోండి.

ఇక రెక్క. ట్రైనర్ రెక్కని బాడీకి రబ్బరు బ్యాండ్లతో కట్టే పద్ధతి పాతది. చూడటానికి బాగోదని చాలామంది దాన్ని తీసేసి నైలాన్ బోల్టులు పెడతారు. ఆ అప్‌గ్రేడ్ వద్దని గట్టిగా చెబుతున్నాను. రెక్క కొస గట్టుకి తగిలితే రబ్బరు బ్యాండ్లు సాగి రెక్క పక్కకి జారిపోతుంది, దెబ్బ అక్కడితో ఆగిపోతుంది. బోల్టు ఉంటే ఆ దెబ్బంతా బాడీలోకి వెళ్తుంది. నైలాన్ బోల్టు తెగాలనే పెడతారు కానీ, అది తెగే లోపే బోల్టు కూర్చున్న పలక చీలిపోవడం నేను చూశాను. బ్యాండ్లు మాత్రం మంచివి కావాలి. కూరగాయల సంచికి కట్టే సన్నవి పనికిరావు. అంగుళంలో పావు వంతు వెడల్పున్నవి తీసుకుని, పక్కకి ఐదారు చొప్పున వేసి, చివరి రెండూ అడ్డంగా ఒకదాని మీద ఒకటి దాటేలా వెయ్యాలి. ఎగరేశాక తీసి, పౌడర్ చల్లి డబ్బాలో పెట్టాలి. రెక్కకే వదిలేస్తే మా ఎండకి పగుళ్లు పడతాయి. లాగి చూస్తే పక్కన సన్నటి గీతలు కనిపించే బ్యాండ్ ఏదైనా ఆ రోజే పారేయండి.

రెక్కని పరీక్షించడానికి నాకు అన్నిటికంటే నమ్మకమైంది చెవి. గదిలో ఫ్యాన్ ఆపేసి, రెక్క మధ్య భాగం ఒళ్ళో పెట్టుకుని, రెండు కొసలూ నెమ్మదిగా పైకి వంచాలి. మంచి రెక్క చప్పుడు చెయ్యదు. లోపల స్పార్ (రెక్క పొడవునా ఉండే వెన్ను బద్ద) దగ్గర అతుకు విడిపోతే ‘టిక్’మని చిన్న చప్పుడు వస్తుంది. ఫిల్మ్ మీద గీత కూడా ఉండదు. అలా ఒకసారి ఫిల్మ్ కోసి చూస్తే రెండు రెక్కల్ని కలిపే ప్లైవుడ్ పట్టీ పక్కన జిగురు పొడిపొడిగా రాలింది. ఫ్యాక్టరీలో అక్కడ జిగురు సరిగా పెట్టలేదు. ఆ అతుకు గాల్లో విడిపోయి ఉంటే ఆ రెక్క మడత పడిపోయేది.

ఇంజిన్ సంగతి. మొదట దీనికి గ్లో ఇంజిన్ ఉండేది. ఆ చప్పుడు, ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. ఇంధనం అంటే మిథనాల్, ఆముదం లేదా సింథటిక్ ఆయిల్, కొంచెం నైట్రోమీథేన్. మిథనాల్ విషం, ఇంట్లో పిల్లలుంటే దాని నిల్వ పెద్ద బాధ్యత. పైగా అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. మూత సరిగా పెట్టని డబ్బా మా వానాకాలంలో పనికిరాకుండా పోతుంది. ఇంజిన్‌లో మిగిలిన ఇంధనం కాల్చేసి నూనె వెయ్యకుండా అటకెక్కిస్తే సీజన్ మొదలయ్యేసరికి బేరింగులు తుప్పు పట్టి గరగరలాడతాయి. ఇంధనం దొరకడమే కష్టమయ్యాక ఎలక్ట్రిక్‌కి మార్చేశాను.

మార్చేటప్పుడు వాట్ల లెక్క సులువు. ఇలాంటి ట్రైనర్‌కి కిలోకి 200 వాట్లు ఉంటే హాయిగా లేస్తుంది. నాకు 500 వాట్లు సరిపోయాయి. నాలుగు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, అంటే 14.8 వోల్టులు, 5000 ఎంఏహెచ్. 60 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్), 12 అంగుళాల ప్రొపెల్లర్. పది నిమిషాలు నింపాదిగా ఎగురుతుంది. దీనికంటే పెద్ద మోటారు పెట్టమని సలహాలు చాలా వస్తాయి. వినకండి. ఈ రెక్క నెమ్మదిగా ఎగరడానికి చేసింది. ఎక్కువ పవర్ ఇస్తే ముక్కు పైకి లేపుతుంది తప్ప ఆటలో తేడా రాదు, బరువు మాత్రం పెరుగుతుంది. మోటారు మార్చాక బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి, రెక్క వెడల్పులో ముందు నుంచి మూడో వంతు దాటకుండా బరువు కేంద్రం వచ్చేలా చూసుకోవాలి. తోక బరువుతో ఉన్న విమానాన్ని ఎవరూ సరిగా దింపలేరు.

పెద్ద మోటారు కొనాలనుకున్న డబ్బు ఈ రెండిటి మీద పెట్టండి.

ఒకటి బీఈసీ. ఈఎస్‌సీలోనే ఉండే ఈ చిన్న సర్క్యూట్ పెద్ద బ్యాటరీ నుంచి రిసీవర్‌కీ (రేడియో సిగ్నల్ అందుకునేది), సర్వోలకీ (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు) 5 వోల్టులు ఇస్తుంది. చవక ఈఎస్‌సీల్లో ఇది లీనియర్ రకం, మిగులు వోల్టేజీని వేడిగా ఖర్చు చేస్తుంది. నిండా చార్జైన నాలుగు సెల్స్ బ్యాటరీ 16.8 వోల్టులు. అందులోంచి 5 పోతే మిగిలేది దాదాపు 12. సర్వోలన్నీ ఒకేసారి కదిలి రెండు ఆంపియర్లు లాగితే దాదాపు 24 వాట్లు ఆ చిన్న చిప్ మీద వేడిగా దిగాలి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే చేతికి 24 వాట్లంటే ఏమిటో తెలుసు. అది వేడెక్కి ఆగిపోతే మోటారుకి పవర్ ఉన్నా కంట్రోల్ ఉండదు. విడిగా స్విచింగ్ రకం బీఈసీ పెట్టండి. గోళీకాయంత ఉంటుంది, ధర ఒక సర్వోకి మించదు.

రెండోది సర్వోలు, ముఖ్యంగా ఎలివేటర్‌ది, అంటే ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలకది. నేను వాడిన చవక సర్వోల్లో ఒకటి గాల్లోనే ప్లాస్టిక్ పళ్ళు అరిగి వదిలేసింది. విమానం తాటిచెట్ల వరుస ముందే నేలకి దిగి బతికిపోయింది. ఇప్పుడు ఎలివేటర్‌కీ ఎయిలరాన్లకీ (విమానాన్ని పక్కకి వాల్చే రెక్క పలకలు) మెటల్ గేర్ సర్వోలే. సర్వో ఆన్ చేసి, ఎలివేటర్ వెనక అంచుని వేలితో మెల్లగా పైకీ కిందికీ కదపండి. మిల్లీమీటరు కంటే ఎక్కువ ఆడితే ఎక్కడో అరుగుదల ఉన్నట్టే. సర్వో చెయ్యి, క్లెవిస్ (కడ్డీ కొసన ఉండే కొక్కెం), హార్న్ (పలకకి బిగించిన చిన్న కొమ్ము) రంధ్రం ఒక్కొక్కటే పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది. నాకు ఎక్కువసార్లు దొరికింది హార్న్ రంధ్రం, ఐదు నిమిషాల్లో మార్చెయ్యొచ్చు. హింజులు (పలకల్ని పట్టి ఉంచే బందులు) కూడా సీజన్ ముందు ఒక్కొక్కటీ గట్టిగా లాగి చూడాలి. ఊడొస్తే చేతిలోనే ఊడాలి.

రేడియో గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక ఒకరి సిగ్నల్‌కి ఇంకొకరిది అడ్డొచ్చే బాధలు పోయాయి. సిగ్నల్ పోతే థ్రాటిల్ ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోండి, ప్రొపెల్లర్ తీసేసి పరీక్షించండి.

ఫిల్మ్ మా ఎండకి బుడగలు వేస్తుంది. ముదురు రంగులైతే ఇంకా ఎక్కువ. నాకు ముదురు ఎరుపు రెక్క వచ్చింది, మార్చి ఎండలో అరగంట ఉంచితే మెత్తబడేది. మళ్ళీ కవరింగ్ వేసినప్పుడు పైన తెలుపు, కింద నల్ల పట్టీలు వేశాను. గాల్లో పైభాగమేదో అడుగుభాగమేదో కూడా దూరం నుంచి తెలుస్తోంది. ఇస్త్రీ పెట్టెతో ఒక పక్కే లాగితే రెక్క మెలి తిరుగుతుంది. వెంటనే వ్యతిరేక దిశలో మెలిపెట్టి పట్టుకుని మళ్ళీ వేడి చేస్తే సరిపోతుంది.

లైపో బ్యాటరీల్ని ఎగరేసిన రోజు సాయంత్రమే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గరికి తెచ్చి పెడతాను. నిండా చార్జ్ చేసి వేసవిలో వదిలేసిన బ్యాటరీ ఉబ్బిపోతుంది. ఉబ్బినదాన్ని మళ్ళీ వాడొద్దు.

చట్టం గురించి అడుగుతుంటారు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 25 కిలోల లోపు ఉండి, సరదాకో చదువుకో, కంటికి కనిపించే దూరంలో ఎగరేసే మోడల్ విమానాలకి టైప్ సర్టిఫికెట్ (ఆ రకానికి ఇచ్చే ఆమోదపత్రం) అక్కర్లేదు. ప్రభుత్వ మ్యాప్‌లో గ్రీన్ జోన్‌గా చూపిన చోట 400 అడుగుల దాకా అనుమతి అవసరం లేదు. కానీ మీ చోటు ఏ జోనో మ్యాప్‌లో చూసుకునే బయల్దేరండి. బరంపురం వైపు వాళ్ళు మరీ జాగ్రత్త. గోపాల్‌పూర్‌లో సైన్యం ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, రంగైలుండలో ఎయిర్‌స్ట్రిప్ ఉంది. పొలం రైతుని కూడా ముందే అడగండి, అపరాలు చల్లిన మడిలో అడుగు పెట్టొద్దు.

కొత్తది కొనలేకపోతే సెకండ్ హ్యాండ్ ట్రైనర్ మంచి బేరం. గ్లో ఇంజిన్‌తో ఎగిరినదైతే ఫైర్‌వాల్ చుట్టూ, ట్యాంక్ ఉండే గదిలో టార్చ్ వేసి చూడండి. చెక్క నల్లబడి ఉంటే చిన్న స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. మెత్తగా దిగితే నూనె లోపలిదాకా ఇంకింది, అక్కడ ఏ జిగురూ పట్టదు. ముందు భాగం మొత్తం కోసి కొత్తగా కట్టుకోవాలి. అలాంటిది ఎవరైనా అమ్ముతుంటే రెక్కకీ సర్వోలకీ మాత్రమే ధర కట్టండి.